సర్కారు గొంతు, శ్రోత చెవి: భారతదేశంలో రేడియో ప్రసారాల చరిత్ర

భారతదేశంలో రేడియో ప్రసారాల చరిత్ర రాసినవారిలో పలువురు ఆకాశవాణిలో పనిచేసినవారే కావడంతో, ఆ చరిత్ర చాలాకాలంపాటు ఒక ప్రభుత్వ శాఖ ఎదుగుదలగానే, అంటే ఏ ఏడాది ఏ కేంద్రం వెలిసింది, ఎన్ని కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ ఎక్కడ నిలిచింది, ఏ కమిటీ ఏమని సిఫారసు చేసింది అన్న వరసలోనే చదువరులకు అందింది. 1965లో జి.సి. అవస్థి, 1976లో మెహ్రా మసానీ, 1986లో హెచ్.ఆర్. లూథ్రా వెలువరించిన గ్రంథాలు ఈ విషయంలో పునాది వంటివే గాని, స్టూడియో లోపల కూర్చున్నవారికి కనిపించినంత మేరకే అవి చూపగలిగాయి. ఆ తర్వాత డేవిడ్ లెలివెల్డ్ వంటి చరిత్రకారులు రేడియో భాషా విధానాన్నీ సంగీత విధానాన్నీ పరిశీలించారు. ఇటీవల, 2023లో, ఇసబెల్ హువాకుజా అలోన్సో దేశాల సరిహద్దులు దాటి రేడియో విన్న శ్రోతలనే చరిత్రకు కేంద్రంగా తీసుకున్నారు. ఈ రెండు దారులనూ కలిపి చూస్తే తేలే విషయం ఒకటుంది: భారతీయ రేడియోలో పెద్ద మార్పులు చాలావరకు కమిటీల సిఫారసుల వల్ల రాలేదు, శ్రోత ముల్లు వేరే స్టేషనుకు తిప్పుకున్న తర్వాత, అతణ్ణి వెనక్కి రప్పించుకోవడానికి సంస్థ చేసిన ప్రయత్నాల వల్ల వచ్చాయి. శ్రోత ముల్లు తిప్పినా దొరకనిది, అంటే ప్రభుత్వేతర స్వదేశీ వార్త, నేటికీ రేడియోలో లేకపోవడం ఈ చరిత్రకు రెండో పార్శ్వం.

తొలి ప్రసారాలు ప్రభుత్వానివి కావు. 1921 ఆగస్టులో బొంబాయి గవర్నరు సర్ జార్జి లాయిడ్ కోరికపై టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రిక, తంతి తపాలా శాఖ కలిసి బొంబాయి నుంచి ఒక సంగీత కార్యక్రమాన్ని ప్రసారం చేయగా, గవర్నరు దాన్ని పుణెలో విన్నారు. రెండేళ్లలో బొంబాయిలోనూ కలకత్తాలోనూ రేడియో క్లబ్బులు పుట్టాయి. మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో ఏర్పడిన ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924 జూలై 31న 40 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో ప్రసారాలు ప్రారంభించింది. ఒక ఇంటి ట్యూబులైటు ఖర్చుచేసే విద్యుత్తుతో ఒక నగరానికి సంగీతం వినిపించాలన్నది ఆనాటి సాహసం. సభ్యుల చందాలతో నడిచే ఈ క్లబ్బు 1927లో ఆర్థిక ఇబ్బందులతో మూతపడి, తన పరికరాలను మద్రాసు కార్పొరేషనుకు అప్పగించింది. నగరపాలక సంస్థ 1930 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ ప్రసారాలు నడుపుతూ, సెట్టు కొనలేనివారి కోసం పార్కుల్లోనూ సముద్రపు ఒడ్డునా లౌడ్ స్పీకర్లు పెట్టించింది. రేడియోను సొంత ఆస్తిగా గాక ఊరుమ్మడి సదుపాయంగా చూసిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. తర్వాతి చరిత్రకారులు దీనికి ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు.

వ్యాపార ప్రసారాలకు తొలి ప్రయత్నం ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీది. 1927 జూలై 23న వైస్రాయ్ లార్డ్ ఇర్విన్ దీని బొంబాయి కేంద్రాన్ని ప్రారంభించగా, ఆగస్టు 26న కలకత్తా కేంద్రం మొదలైంది. రెండు చోట్లా 1.5 కిలోవాట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లే ఉండేవి. మీడియం వేవ్ తరంగాలు పగటిపూట నేలను అంటిపెట్టుకుని సాగుతూ, ట్రాన్స్‌మిటర్ బలాన్ని బట్టి కొంత దూరానికి నీరసించిపోతాయి. ఆ శక్తితో స్పష్టంగా వినిపించే దూరం సుమారు 48 కిలోమీటర్లు. అంటే రెండు మహానగరాల శివార్లు దాటితే రేడియో సెట్టు ఉత్త కర్రపెట్టె. కంపెనీకి వసూలైన మూలధనం 6 లక్షల రూపాయలు. అందులో నాలుగున్నర లక్షలు కేంద్రాల నిర్మాణానికే ఖర్చయ్యాయి. ఏటా 10 రూపాయల లైసెన్సు రుసుములో 80 శాతం కంపెనీకి దక్కేది గాని, 1929 చివరినాటికి దేశం మొత్తం మీద లైసెన్సులు 8 వేలకు చేరలేదు. సెట్లన్నీ విదేశాల నుంచి దిగుమతి కావడంతో ధర మధ్యతరగతికి అందేది కాదు. కొన్నవారిలోనూ లైసెన్సు కట్టకుండా వినేవారు తక్కువేమీ కాదు. 1930 మార్చిలో కంపెనీ దివాలా తీసింది.

శ్రోతలూ వ్యాపారులూ ఒత్తిడి తెచ్చిన మీదట 1930 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఆ కేంద్రాలను ఇండియన్ స్టేట్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్ పేరుతో తన చేతిలోకి తీసుకుంది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, రేడియో ప్రభుత్వ గుత్తాధిపత్యంలోకి రావడం ఒక రాజకీయ సిద్ధాంత ఫలితం కాదు, ఒక కంపెనీ దివాలా ఫలితం. ప్రభుత్వానికి సైతం మొదట్లో దీనిపై మమకారమేమీ లేదు. ఆర్థిక మాంద్యంలో ఖర్చు తగ్గించుకునేందుకు 1931 అక్టోబరులో ఈ సేవను మూసివేయాలని నిర్ణయించి, నిరసన రావడంతో వెనక్కి తగ్గి, 1932 మేలో కొనసాగించేందుకు అంగీకరించింది. అదే ఏడాది డిసెంబరులో బి.బి.సి. ఎంపైర్ సర్వీసు ప్రారంభం కాగానే, దాన్ని వినడం కోసం ఇక్కడి ఐరోపా వారు సెట్లు కొనడం మొదలుపెట్టారు. దిగుమతి సుంకం, లైసెన్సు రుసుముల రాబడి పెరిగింది. భారతీయ రేడియో నిలదొక్కుకున్నది విదేశీ స్టేషను పుణ్యమా అనే! ఇరవై ఏళ్ల తర్వాత మరో విదేశీ స్టేషను దానికి ఇంకో పాఠం నేర్పింది.

1935 ఆగస్టులో బి.బి.సి. నుంచి వచ్చిన లయొనెల్ ఫీల్డెన్ తొలి కంట్రోలరుగా పగ్గాలు చేపట్టారు. 1936 జనవరి 1న ఢిల్లీ కేంద్రం మొదలైంది. జూన్ 8న సంస్థ ఆల్ ఇండియా రేడియో అయింది. 'స్టేట్ సర్వీస్' అన్న సర్కారీ వాసనను వదిలించుకోవడం కోసం వైస్రాయ్ లిన్‌లిత్‌గోను మాటల్లో పెట్టి ఈ పేరు తానే ఒప్పించుకున్నట్టు ఫీల్డెన్ ఆత్మకథలో చెప్పుకున్నారు. పేరు మారింది గాని వాసన పోలేదు. అసలైన మార్పు చీఫ్ ఇంజనీరు సి.డబ్ల్యు. గోయ్డర్ తెచ్చారు. ఉన్న కొద్దిపాటి నిధులతో ఇంత పెద్ద దేశమంతటా మీడియం వేవ్ కేంద్రాలు కట్టడం అసాధ్యం కనుక, ఆకాశంలో ఎత్తున ఉండే విద్యుదావేశిత పొరకు తగిలి వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగే షార్ట్ వేవ్ తరంగాలను ఆయన నమ్ముకున్నారు. 1938లో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి షార్ట్ వేవ్ ప్రసారాలు దేశాన్ని కప్పాయి. ధ్వని హెచ్చుతగ్గులయ్యేది, ఉరుముల కాలంలో గరగరలాడేది. కానీ మారుమూల తాలూకా కేంద్రంలో సెట్టు ఉన్నవాడికి ఢిల్లీ వినిపించింది.

సంస్థానాల్లో కథ వేరుగా నడిచింది. మైసూరులో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు ఎం.వి. గోపాలస్వామి 1935 సెప్టెంబరులో తన ఇంట్లోనే 30 వాట్ల కేంద్రం నెలకొల్పి దానికి 'ఆకాశవాణి' అని పేరు పెట్టారు. రెండు దశాబ్దాల తర్వాత జాతీయ సంస్థ ఆ పేరునే తీసుకుంది. హైదరాబాదులో ఔత్సాహికుల ప్రయత్నంగా మొదలైన కేంద్రాన్ని 1935లో నిజాం ప్రభుత్వం స్వాధీనం చేసుకోగా, అది దక్కన్ రేడియోగా ప్రసిద్ధమైంది. సంస్థానంలో అత్యధికులు మాట్లాడేది తెలుగైనా, పాలకుల భాష ఉర్దూ కనుక ప్రసారాల్లోనూ దానిదే పెద్దపీట. తెలుగు, కన్నడం, మరాఠీలకు మిగిలింది కొద్ది సమయమే. 1948 సెప్టెంబరు 17 సాయంత్రం కాల్పుల విరమణను నిజాం స్వయంగా ప్రకటించింది ఈ రేడియోలోనే. 1950 ఏప్రిల్ 1న ఇది ఆలిండియా రేడియోలో విలీనమైంది.

తెలుగు ప్రసారాలకు అసలైన పుట్టిల్లు 1938 జూన్ 16న మొదలైన మద్రాసు కేంద్రం. తమిళంతో సమయం పంచుకుంటూనే అక్కడ తెలుగు నాటకం, ప్రసంగం, లలిత సంగీతం రేడియోకు తగిన రూపం సంతరించుకున్నాయి. కంటికి కనిపించే ఆహార్యం, రంగస్థలం లేకుండా కేవలం గొంతుతో పాత్రను నిలబెట్టాలి కనుక పద్యనాటకాల రాగాలాపన తగ్గి వాడుకమాట పైకి వచ్చింది. భావకవులు రాసిన గేయాలకు వరసలు కట్టవలసి రావడంతో కచేరీకీ సినిమాకూ చెందని కొత్త పాట పుట్టింది. 1941లో అక్కడ చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు రచన, స్వరరచన, నిర్వహణ మూడూ ఒక్క చేతిమీదుగా నడిపించారు. 1947 ఆగస్టు 15 నాడు మద్రాసు నుంచి వినిపించిన తెలుగు స్వాతంత్ర్య గీతాలు ఆయనవే. న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా పిల్లల కార్యక్రమాన్ని ఇంటింటి వ్యవహారం చేశారు. గ్రాంథిక, వ్యావహారిక వాదాలు పత్రికల్లో ఇంకా రగులుతున్న రోజుల్లో మైకు ముందు కూర్చున్నవారికి తీర్పు తేలికైంది, ఎందుకంటే వింటున్నప్పుడు అర్థం కాని వాక్యాన్ని శ్రోత వెనక్కి తిప్పి చదువుకోలేడు. ఆధునిక తెలుగు ప్రమాణభాష ఏర్పడడంలో పత్రికల పాత్ర గురించి ఎంతో రాసిన పరిశోధకులు రేడియో పాత్రను తగినంతగా తూచలేదు.

రెండో ప్రపంచయుద్ధం రేడియోను ప్రచార సాధనంగా స్థిరపరిచింది. 1939 అక్టోబరులో పష్తో భాషతో విదేశీ ప్రసారాలు మొదలయ్యాయి. వార్తా విభాగం విస్తరించింది. అటు నుంచి 1942లో సుభాష్ చంద్ర బోసు బెర్లిన్ నుంచి ఆజాద్ హింద్ రేడియోలో మాట్లాడితే, ఇటు బొంబాయిలో క్విట్ ఇండియా రోజుల్లో ఉషా మెహతా, ఆమె సహచరులు చోట్లు మారుస్తూ రహస్యంగా నడిపిన కాంగ్రెస్ రేడియో ఆగస్టు చివరి నుంచి నవంబరులో పోలీసులకు దొరికేదాకా వినిపించింది. గుత్తాధిపత్యాన్ని ధిక్కరించిన ఈ చిన్న ట్రాన్స్‌మిటర్‌ను స్వతంత్ర భారతం వీరగాథగా స్మరించుకుంది గాని, ట్రాన్స్‌మిటర్‌ను పౌరుడి చేతికి ఇవ్వవచ్చునన్న ఆలోచన మాత్రం మరో అరవై ఏళ్లు చేయలేదు.

విభజన నాటికి లాహోరు, పెషావరు, ఢాకా పాకిస్తానుకు పోగా భారతదేశానికి మిగిలినవి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, తిరుచిరాపల్లి, లక్నో అనే ఆరు కేంద్రాలు. మీడియం వేవ్ ప్రసారాలు దేశ వైశాల్యంలో రెండున్నర శాతానికి, జనాభాలో 11 శాతానికి మాత్రమే అందేవి. తొలి సమాచార ప్రసార మంత్రి సర్దార్ పటేల్ హయాంలో భాషాప్రాంతాలకు ఒక్కొక్క కేంద్రం చొప్పున త్వరత్వరగా వెలిశాయి. ఆ వరసలోదే 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ. గాంధీజీ ఢిల్లీలోని ప్రసార భవనానికి వెళ్లింది జీవితంలో ఒక్కసారే, 1947 నవంబరు 12న, కురుక్షేత్రంలోని శరణార్థులతో మాట్లాడేందుకు.

1952 నుంచి 1962 వరకు మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్ దశాబ్దం ఈ చరిత్రలో అత్యంత వివాదాస్పదమైనది. సంస్థానాలు పోయి ఆశ్రయం కోల్పోయిన సంగీతకారులకు రేడియోయే కొత్త పోషకుడు కావాలని, శాస్త్రీయ సంగీతమే జాతి సంస్కారమని ఆయన గట్టిగా నమ్మారు. విద్వాంసులను తెర వెనుక కూర్చోబెట్టి పరీక్షించి శ్రేణులు నిర్ణయించే ఆడిషన్ పద్ధతి, 1952లో జాతీయ సంగీత కార్యక్రమం, 1954లో రేడియో సంగీత సమ్మేళనం ఈ నమ్మకం నుంచి వచ్చినవే. పేరున్న విద్వాంసులు కొందరు పరీక్షకు కూర్చోవడాన్ని అవమానంగా భావించినా, కులవృత్తిగా వాద్యం నేర్చినవారికీ, కచేరీ పాడడానికి ఇంట్లోవారు ఒప్పుకోని స్త్రీలకూ నెలనెలా చేతికి అందే పారితోషికం, గౌరవప్రదమైన వేదిక దొరికింది. హార్మోనియంపై నిషేధం కేస్కర్ పెట్టినది కాదు; భారతీయ సంగీతంలోని సూక్ష్మ శ్రుతులు ఆ మెట్లపై పలకవన్న వాదంతో 1940లోనే వచ్చింది, 1970ల దాకా సడలలేదు.

సినిమా పాట దగ్గర మాత్రం కేస్కర్ పంతం బెడిసికొట్టింది. పాట ముందు చిత్రం పేరు చెప్పడం ప్రకటన అవుతుందని ఆకాశవాణి మానేసింది. పేరు చెప్పకపోతే పాటలే ఇవ్వబోమని నిర్మాతలు భీష్మించారు. రేడియోలో సినిమా పాట దాదాపు కనుమరుగైంది. యుద్ధకాలంలో మిత్రరాజ్యాల సైనికుల కోసం కొలంబోలో నెలకొల్పిన శక్తిమంతమైన షార్ట్ వేవ్ ట్రాన్స్‌మిటర్ అప్పటికే రేడియో సిలోన్ చేతికి వచ్చి ఉంది. 1952 చివర మొదలైన 'బినాకా గీత్ మాలా' కార్యక్రమాన్ని అమీన్ సయానీ బొంబాయిలో రికార్డు చేస్తే, ఆ టేపులు విమానంలో కొలంబో చేరి, అక్కడి నుంచి ఆకాశమార్గాన తిరిగి భారతదేశానికి వచ్చేవి. భారతీయులు తీసిన సినిమాల పాటలు, భారతీయుడి గొంతుతో, భారతీయ వ్యాపారుల ప్రకటనలతో, భారతీయ శ్రోతలకు వినిపించడానికి సముద్రం దాటవలసి వచ్చిన ఈ వింత ఏళ్ల తరబడి సాగింది. సిలోన్ నుంచి తెలుగు పాటలు కూడా వచ్చేవి కనుక ఇటు తెలుగు ఇళ్లలోనూ ముల్లు ఆ వైపే నిలిచేది. 1957 అక్టోబరు 3న బొంబాయి, మద్రాసుల్లోని షార్ట్ వేవ్ ట్రాన్స్‌మిటర్లతో వివిధ భారతి ప్రారంభించడం ఈ ఓటమికి ఆకాశవాణి ఇచ్చుకున్న జవాబు. 1967 నవంబరులో అది ప్రకటనలనూ అంగీకరించింది. కేస్కర్ అభిరుచిని వెక్కిరించడం తేలికే గాని, ఆయన లేకపోతే నేటి మన శాస్త్రీయ సంగీత భాండాగారం ఇంత సంపన్నంగా ఉండేదీ కాదు. తప్పు అభిరుచిలో లేదు. వినేవాడికి మరో దారి లేదనుకోవడంలో ఉంది.

రేడియో పల్లె చేరడం ప్రసార విధానం వల్ల కన్నా ట్రాన్సిస్టర్ వల్ల జరిగింది. గాజు వాల్వులతో, కరెంటుతో నడిచే పాత సెట్టుకు బదులు బ్యాటరీలతో పనిచేసి భుజానికి తగిలించుకోగల ట్రాన్సిస్టర్ 1960లలో వ్యాపించాక, విద్యుత్తు లేని ఊళ్లకూ రేడియో అందింది. అప్పటిదాకా రచ్చబండ దగ్గర లౌడ్ స్పీకర్‌తో వినిపించే పంచాయతీ రేడియోయే ఊరి మొత్తానికి దిక్కు. సెట్టు ఉన్న ప్రతి ఇంటివాడూ తపాలా కార్యాలయంలో లైసెన్సు పుస్తకం తీసుకుని, ఏటా రుసుము కట్టి అందులో బిళ్లలు అతికించుకోవాలి; తనిఖీ చేసేవాడు వస్తే సెట్టును దుప్పటి కింద దాచడం ఒక తరం వారికి తెలిసిన విద్యే. 1980ల మధ్యలో ఈ లైసెన్సు పూర్తిగా రద్దయింది.

ఇదే కాలంలో జరిగిన అపురూపమైన ప్రయోగం గ్రామీణ రేడియో చర్చా మండళ్లు. 1956లో యునెస్కో సహాయంతో అప్పటి బొంబాయి రాష్ట్రంలో పుణె ప్రాంతపు ఐదు జిల్లాల్లో 150 గ్రామాలను ఎంచుకున్నారు. ఊరికి ఇరవై మంది దాకా రైతులు వారానికి రెండు సాయంత్రాలు సెట్టు ముందు చేరి అరగంట కార్యక్రమం విని, తర్వాత తమలో తాము చర్చించుకుని, సందేహాలనూ అభ్యంతరాలనూ రాసి కేంద్రానికి పంపితే, వచ్చే కార్యక్రమాల్లో వాటికి జవాబు వచ్చేది. సామాజిక శాస్త్రవేత్త పాల్ న్యూరాత్ చేసిన మూల్యాంకనం ప్రకారం మండళ్లు ఉన్న ఊళ్లలో రైతుల పరిజ్ఞానం లేనిచోట్ల కన్నా స్పష్టంగా పెరిగింది. 1959లో ఈ పథకాన్ని దేశమంతటికీ విస్తరించారు గాని, ఉత్తరాలకు జవాబిచ్చే యంత్రాంగం సన్నగిల్లేసరికి మండళ్లు పేరుకే మిగిలాయి. 1966లో హరిత విప్లవానికి తోడుగా వచ్చిన వ్యవసాయ విభాగాలు మరింత నిలకడగా పనిచేశాయి. తంజావూరు జిల్లాలో రేడియో ద్వారా ప్రచారమైన ఏ.డి.టి.-27 వరిని అక్కడి రైతులు 'రేడియో వరి' అనే పిలుచుకున్నారు.

తెలుగు ప్రాంతంలో 1950ల నుంచి 1980ల దాకా సాగిన వైభవం ఈ గ్రామీణ విస్తరణ మీదనే నిలబడింది. విజయవాడ కేంద్రం భక్తిరంజనితో తెల్లవారితే, ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ పురాణ ప్రవచనంతో వీధులు సద్దుమణిగేవి. ఆయన ధర్మసందేహాలకు వచ్చే ఉత్తరాల్లో ఇంటి గొడవలు సైతం ఉండేవి. హైదరాబాదు కేంద్రపు కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, రాంబాబుల సంభాషణ తెలంగాణ పలుకుబడిని ప్రతిరోజూ వినిపించింది; ప్రామాణికమనబడే తీరాంధ్ర నుడికారమే ఏలుతున్న మాధ్యమంలో ఇది చిన్న విషయం కాదు. ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు చదివినవారిలో తర్వాత సినీ నటుడైన కొంగర జగ్గయ్య ఒకరు. కడప, విశాఖపట్నం కేంద్రాలు 1963లో తోడయ్యాయి.

ప్రభుత్వం చేతిలో వార్త ఉంటే ఏమవుతుందో 1975 ఎమర్జెన్సీ తేటతెల్లం చేసింది. ప్రతిపక్షం గొంతు పూర్తిగా ఆగిపోయింది. ప్రభుత్వ ప్రచారానికి సహకరించలేదని 1976లో కిశోర్ కుమార్ పాటలనే ప్రసారం కాకుండా ఆపారు. స్వయంప్రతిపత్తి ఇవ్వాలని 1966లోనే చందా కమిటీ చెప్పింది, 1978లో బి.జి. వర్గీస్ కమిటీ 'ఆకాశ్ భారతి' పేరుతో స్వతంత్ర ట్రస్టును సూచించింది. చివరకు ప్రసార భారతి చట్టం 1990లో ఆమోదం పొంది, అమల్లోకి రావడానికి మరో ఏడేళ్లు పట్టింది. ప్రతిపక్షంలో ఉన్నంతసేపు స్వయంప్రతిపత్తి కోరని పార్టీ లేదు, అధికారంలోకి వచ్చాక దాన్ని తొందరపెట్టిన పార్టీ లేదు. 1997లో ఏర్పడిన ప్రసార భారతికి సైతం డబ్బూ సిబ్బందీ ప్రభుత్వం నుంచే రావాలి కనుక, చట్టంలో రాసిన స్వేచ్ఛ కార్యాలయంలో కనిపించడం అరుదు.

మరింత దూరం వెళ్లిన మాట సుప్రీంకోర్టుది. క్రికెట్ పోటీల ప్రసారంపై వచ్చిన వ్యాజ్యంలో 1995 ఫిబ్రవరి 9న న్యాయమూర్తులు పి.బి. సావంత్, ఎస్. మోహన్, బి.పి. జీవన్ రెడ్డి వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిపై గుత్తాధిపత్యం ప్రభుత్వానిదీ ప్రైవేటువారిదీ కాకూడదని తీర్పు ఇచ్చారు. తెలుగువాడైన జీవన్ రెడ్డి విడిగా రాసిన తీర్పు, ప్రైవేటు ప్రసారకర్తలకు తలుపులు బార్లా తెరవడం కూడా భావప్రకటనకు చేటు చేయవచ్చునని హెచ్చరించి, స్వతంత్ర ప్రజాప్రసార వ్యవస్థనే కోరింది. ప్రభుత్వం ఆ తీర్పులో తనకు అనుకూలమైన సగాన్ని, అంటే వేలంపాటను, ముందుగా అందుకుంది.

ధ్వనికి అనుగుణంగా రేడియో తరంగపు ఎత్తును గాక పౌనఃపున్యాన్ని మార్చి పంపే ఎఫ్.ఎం. పద్ధతిలో గరగర ఉండదు గాని దూరం తక్కువ. అందుకే అది నగరాల మాధ్యమం. 1977లో మద్రాసులో మొదలైన ఎఫ్.ఎం.లో 1993 నుంచి కొన్ని నగరాల్లో ప్రైవేటు వారికి సమయం అద్దెకిచ్చారు. 2001 జూలైలో బెంగుళూరులో తొలి ప్రైవేటు కేంద్రం మొదలైంది. మొదటి వేలంలో లైసెన్సు రుసుము ఏటా 15 శాతం పెరిగే నిబంధన వల్ల చాలామంది వెనక్కి తగ్గారు. 2005లో రాబడిలో 4 శాతం వాటా పద్ధతి వచ్చాక పరిశ్రమ ఊపందుకుంది. ప్రైవేటు ఎఫ్.ఎం. భాషను చురుకు చేసింది, శ్రోతను ఫోనులో మాట్లాడించింది. అయితే ఊరికో స్టేషను వచ్చినా పాటల జాబితా ఒకటే కావడంతో వైవిధ్యం పెరగలేదు. అన్ని కేంద్రాలూ వేలంలో పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి కనుక ఇది ఊహించదగినదే.

వైవిధ్యం వేరే చోట నుంచి వచ్చింది. ఒక ప్రాంతపు ప్రజలే తమ కోసం లాభాపేక్ష లేకుండా నడుపుకునే తక్కువ శక్తి కేంద్రాన్ని కమ్యూనిటీ రేడియో అంటారు. 2002 చివర ఈ అవకాశం విద్యాసంస్థలకే ఇచ్చారు. 2004 ఫిబ్రవరిలో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం మొదటిది. స్వచ్ఛంద సంస్థలకు అనుమతి 2006 నవంబరులో వచ్చింది. జహీరాబాదు ప్రాంతంలో చిరుధాన్యాల సాగుపై దళిత మహిళా సంఘాలతో పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అంతకు చాలా ముందే, 1990ల చివర, మాచ్‌నూరులో స్టూడియో కట్టుకుని, ప్రసార అనుమతి లేనందున కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల సమావేశాల్లో వినిపిస్తూ వచ్చింది. 2008 అక్టోబరు 15న అక్కడి సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్‌పై గాలిలోకి వచ్చినప్పుడు ప్రారంభించింది 1995 తీర్పు ఇచ్చిన జస్టిస్ సావంతే. బడి చదువు అంతంతమాత్రమైన మహిళలే మైకు, మిక్సరు, ఎడిటింగు చూసుకుంటారు. విత్తనాల దాపు, పశువుల మందులు, జాతర పాటలు, పొలం పనుల కబుర్లు సాయంత్రాల్లో చుట్టుపక్కల సుమారు 25 కిలోమీటర్ల మేర వినిపిస్తాయి. ప్రామాణిక ఉచ్చారణ కోసం గొంతు మార్చుకోవలసిన అవసరం ఆ స్టూడియోలో ఎవరికీ లేదు.

ఆకాశవాణి నేడు 23 భాషల్లో, 179 మాండలికాల్లో ప్రసారాలు చేస్తూ జనాభాలో 99 శాతానికి అందుతున్నట్టు లెక్క చెబుతుంది; అందడం వేరు, వినడం వేరు. 1988లో రాత్రివేళల కోసం ప్రారంభించిన నేషనల్ ఛానెల్ 2019లో మూతపడింది. 2023లో ఆల్ ఇండియా రేడియో అన్న పేరును వదిలి ఆకాశవాణి ఒక్కటే ఉంచారు. అదే ఏడాది ఏప్రిల్‌లో 91 చిన్న ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్లు ఒకేసారి మొదలయ్యాయి. మీడియం వేవ్‌ను డి.ఆర్.ఎం. అనే డిజిటల్ పద్ధతికి మార్చేందుకు 35 ట్రాన్స్‌మిటర్లు పెట్టారు గాని, ఆ ప్రసారాన్ని పట్టే సెట్లు కొన్ని కార్లలో తప్ప సామాన్యుడికి అందుబాటు ధరలో దొరకవు. ట్రాన్స్‌మిటర్ ముందు, సెట్టు తర్వాత అన్న 1927 నాటి చిక్కే మళ్లీ ఎదురైంది. తుఫాను హెచ్చరికల కోసం ఇప్పటికీ రేడియో మీద ఆధారపడే తీరప్రాంత మత్స్యకారులకు ఈ మార్పు మధ్యలో మీడియం వేవ్ బలహీనపడడం మంచిది కాదు.

వార్తల విషయం ఇంకా తేలలేదు. టెలివిజన్‌లో, పత్రికల్లో, ఫోనులో ఎవరైనా వార్త చెప్పగలిగిన దేశంలో ప్రైవేటు, కమ్యూనిటీ రేడియోలకు సొంత వార్తలు నిషిద్ధం. కావాలంటే ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వినిపించుకోవచ్చు. దీన్ని ప్రశ్నిస్తూ కామన్ కాజ్ సంస్థ 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2023 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలకు గంటకు పది నిమిషాలు వార్తలకు అనుమతించాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసులో కమ్యూనిటీ రేడియోల ఊసు లేదు.